కడుపులో పురుగులున్నాయని అనుమానమా? క్లెన్స్ పొడి తాగే ముందు ఇవి చేయండి

క్లెన్స్, అంటే పేగుని కడిగి పురుగుల్ని పోగొడతామని చెప్పి అమ్మే పొడి, మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో మలంలో పొడుగ్గా, జిగటగా, తాడు ముక్కలా ఒకటి కనిపిస్తుంది. చూసిన మనిషికి గుండె గుభేలుమంటుంది, ఇన్నాళ్లూ ఇది నా కడుపులోనే ఉందా అని. వెంటనే ఫొటో తీసి తెలిసినవాళ్లకి పంపిస్తారు, పొడి బాగా పనిచేస్తోందని నమ్మి ఇంకో డబ్బా తెప్పించుకుంటారు. నాకూ ఇలాంటి ఫొటోలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ఆ తాడు పురుగు కాదండీ. ఇలాంటి పొడుల్లో సాధారణంగా కలిపేది ఇసబ్‌గోల్ పొట్టు, బెంటొనైట్ అనే ఒక రకం బంకమట్టి. పొట్టు నీళ్లు పీల్చుకుని జెల్లీలా ఉబ్బుతుంది, మట్టి దాన్ని బిగిస్తుంది, పేగులో మామూలుగానే ఊరే జిగురు దానికి అంటుకుంటుంది. పేగు గొట్టంలా ఉంటుంది కాబట్టి ఆ ముద్ద కూడా గొట్టం ఆకారంలోనే బయటికొస్తుంది. అంటే మీరు నోట్లో వేసుకున్నదే రూపం మార్చుకుని కింద కనిపించింది, అంతే. ఎనిమాలు (మలద్వారం గుండా నీళ్లు ఎక్కించుకోవడం) మళ్లీ మళ్లీ చేసుకునేవాళ్లకి పొడి లేకపోయినా ఇలాంటివి పడుతుంటాయి, ఎందుకంటే పేగు లోపలి పొర రేగిపోయి జిగురు ఎక్కువగా వదులుతుంది, దాంతోపాటు పొర ముక్కలు కూడా రాలతాయి. దీనికి ఇంటర్నెట్‌లో ‘రోప్ వార్మ్’ అని పేరు పెట్టి కొత్త జీవిలా చెబుతున్నారు. అలాంటి పురుగు లేదు. నిజమైన పురుగుకి నోరు ఉంటుంది, కండరాలు ఉంటాయి, గుడ్లు పెట్టే అవయవాలు ఉంటాయి (బద్దెపురుగుకి నోరు ఉండదు కానీ అంటుకునే తల ఉంటుంది). ఈ తాడులో అవేవీ ఉండవు.

అలాగని పేగు పురుగులే అబద్ధం అనుకోకండి. మట్టి ద్వారా సోకే పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లల ఎదుగుదలని తినేస్తాయి, పెద్దవాళ్లని రక్తహీనతలోకి నెడతాయి. నిజమైన సమస్య కాబట్టే దానికి నిజంగా పనిచేసే దారి పట్టుకోవాలని నా తపన. ఆ దారి ఇది: ముందు లోపల ఉన్నదేంటో తెలుసుకోవాలి, దానికి సరిపడే మందు వేసుకోవాలి, అది మళ్లీ లోపలికి రాకుండా చూసుకోవాలి. పేగు కడిగేయడం అనేది ఇందులో ఎక్కడా లేదు, ఎందుకు లేదో ముందు చెబుతాను.

కడిగితే ఎందుకు పోవు

పేగులో బతికే జీవికి రోజూ ఎదురయ్యే మొదటి కష్టమే ప్రవాహంలో కొట్టుకుపోకుండా ఉండటం. అందుకే ప్రతిదానికీ ఒక పట్టు ఉంటుంది. కొంకిపురుగు నోటితో పేగు గోడని కొరికి పట్టుకుని రక్తం తాగుతుంది. కొరడా పురుగు తన సన్నటి ముందు భాగాన్ని పేగు పొరలోకి దారంలా దూర్చి కూర్చుంటుంది. బద్దెపురుగు తల మీద పీల్చి పట్టుకునే గుంటలుంటాయి, కొన్ని రకాలకి కొక్కేలు కూడా. కంటికి కనిపించని గియార్డియా అనే ఏకకణ జీవికి సైతం అడుగున ఒక గుండ్రటి అతుకు ఉంటుంది, దాంతో పేగు గోడకి అంటుకుంటుంది. ఏలికపాము ఏమీ పట్టుకోదు గానీ 15 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుండే ఆ పురుగు ప్రవాహానికి ఎదురీదుతూనే ఉంటుంది.

ఇవన్నీ విరేచనాల మందుకి లొంగవు. మీ నీళ్లు పోతాయి, సోడియం, పొటాషియం పోతాయి, పురుగు మాత్రం అక్కడే ఉంటుంది. పెద్దపేగులోకి గొట్టం పెట్టి నీళ్లు ఎక్కించే కోలన్ హైడ్రోథెరపీ సంగతి ఇంకా విచిత్రం, ఎందుకంటే ఏలికపాములు, కొంకిపురుగులు, గియార్డియా ఉండేది చిన్నపేగులో, ఆ నీళ్లు అక్కడిదాకా వెళ్లనే వెళ్లవు. పేగుకి చిల్లు పడటం, ఇన్ఫెక్షన్, లవణాలు తారుమారు కావడం మాత్రం దీనివల్ల జరిగాయని వైద్య పత్రికల్లో నమోదై ఉంది. కాఫీ ఎనిమాలతో పేగు కాలిన కేసులున్నాయి, చనిపోయినవాళ్లూ ఉన్నారు.

పేగులో మలం పేరుకుపోయి విషంగా మారి రక్తంలోకి చేరుతుందనే భయం కొత్తదేం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద వైద్యులే దాన్ని నమ్మారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరున్న సర్జన్ మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగుని కోసి తీసేసేవాడు. 1919లో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని ఖండిస్తూ రాశాడు. ఆయన వాదన చాలా తేలికగా అర్థమవుతుంది: తలబరువు, చిరాకు, నీరసం విషం వల్లే వస్తే మలం పోయిన మరుక్షణం తగ్గకూడదు కదా, రక్తంలో చేరిన విషం దిగడానికి టైమ్ పడుతుంది. వెంటనే తగ్గుతోందంటే కారణం పేగు ఉబ్బి సాగడమే. క్లెన్స్ చేసిన రోజు ఒళ్లు తేలికైనట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే, ఆ అనుభూతి అబద్ధం కాదు, దానికి చెప్పే వివరణే తప్పు.

ముందుగా ఎవరిని అనుమానించాలి

కడుపు ఉబ్బరం, అలసట, చర్మం మీద దద్దుర్లు, తీపి తినాలనిపించడం, నిద్రలో పళ్లు కొరకడం, ఇలా ఒక పెద్ద జాబితా ఇచ్చి ఇందులో మూడుంటే మీకు పురుగులున్నట్టే అని చెబుతుంటారు. ఈ లెక్కన భూమ్మీద అందరికీ ఉన్నట్టే. పళ్లు కొరకడానికీ పురుగులకీ సంబంధం రుజువు కాలేదు. తీపి తింటే పురుగులు పుడతాయన్నదీ నిజం కాదు, పురుగు గుడ్డు నుంచో లార్వా (పిల్ల పురుగు) నుంచో వస్తుంది గానీ పంచదార నుంచి పుట్టదు. అసలు కొద్దిపాటి పురుగులుంటే చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

కానీ కొన్ని గుర్తులు గట్టివి. రాత్రి పడుకున్నాక మలద్వారం దగ్గర దురద, అందులోనూ పిల్లల్లో, అంటే నులిపురుగుల్ని మొదట అనుమానించాలి. ఆడ పురుగు సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది, తెల్ల దారం ముక్కలా. రాత్రిపూట బయటికొచ్చి చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, అందుకే దురద రాత్రే ఎక్కువ. టార్చి వేసి చూస్తే కొన్నిసార్లు కదులుతూ కనబడుతుంది కూడా.

రక్తహీనత ఎంతకీ తగ్గకపోతే, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే, చెప్పులు లేకుండా మట్టిలో తిరిగే అలవాటు కూడా ఉంటే, కొంకిపురుగు గురించి ఆలోచించాలి. దీని లార్వా పాదం చర్మం గుండానే లోపలికి దూరుతుంది, నోటితో పనే లేదు. ఒక్కో పురుగు తాగే రక్తం రోజుకి మిల్లీలీటరులో చిన్న భాగమే, కానీ వందల పురుగులు ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో ఊహించండి. మట్టి, బలపం, పచ్చి బియ్యం లాంటివి తినాలనిపించడం ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు, తిన్న మట్టిలోంచి ఏలికపాము గుడ్లు లోపలికి పోతాయి, ఇలా ఒకదానికొకటి తోడవుతాయి.

మలంలో చదునుగా, తెల్లగా, సేమియా ముక్కల్లాంటివి కదులుతూ కనిపిస్తే బద్దెపురుగు ముక్కలు కావచ్చు. ప్రయాణం నుంచి వచ్చాకో, ఊట నీళ్లు, వాగు నీళ్లు తాగాకో వారం పది రోజులకి దుర్వాసనతో, జిడ్డుగా తేలే విరేచనాలు, తేన్పులు, ఉబ్బరం మొదలై వారాలపాటు సాగితే గియార్డియా వైపు చూడాలి. విరేచనంలో జిగురు, రక్తం, తెరలు తెరలుగా నొప్పి ఉంటే అమీబా కావచ్చు, బాక్టీరియా కూడా కావచ్చు, పరీక్ష లేకుండా తేల్చలేం.

పరీక్ష చేయించుకునే పద్ధతి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒక్కసారి మలపరీక్ష చేయించుకుని ఏమీ లేదని రాగానే పరీక్షలు పనికిరావు అనేసి క్లెన్స్‌లోకి వెళ్లిపోతారు. గియార్డియా లాంటివి రోజూ మలంలో రావు, ఒకరోజు వస్తే రెండు రోజులు రావు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వాలి. గియార్డియాకి, అమీబాకి యాంటిజెన్ పరీక్ష (ఆ జీవి ప్రోటీన్లని మలంలో వెతికేది) ఉంటే అది అడగండి, మైక్రోస్కోప్ కన్నా బాగా పట్టుకుంటుంది. అమీబా విషయంలో ఇంకో సంగతి ఉంది: జబ్బు చేసే రకం, ఏ హానీ చేయని రకం రెండూ మైక్రోస్కోప్‌లో ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి రిపోర్టులో సిస్టులు (గట్టి పెంకులో ఉండే అమీబా దశ) అని ఒక్క మాట చూసి ఏళ్ల తరబడి మందులు మింగకండి.

శాంపిల్ తీసేటప్పుడు డబ్బా పొడిగా, శుభ్రంగా ఉండాలి, మూత్రం గానీ కమోడ్ నీళ్లు గానీ కలవకూడదు. వీలైనంత త్వరగా ల్యాబ్‌కి చేర్చాలి. నీళ్ల విరేచనమైతే అరగంటలోపు చూస్తేనే కదిలే అమీబా కనబడుతుంది, కాబట్టి ల్యాబ్ దగ్గరే ఇవ్వడం మేలు, లేకపోతే ముందే అడిగి నిల్వ ఉంచే ద్రావణం ఉన్న సీసా తెచ్చుకోవాలి.

ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మట్టి కలిసిన పొడులు, మినరల్ ఆయిల్, యాంటాసిడ్లు, బిస్మత్ మందులు, బేరియం తాగి తీసే ఎక్స్‌రే, యాంటీబయాటిక్స్ ఇవన్నీ మలపరీక్షని చెడగొడతాయి. బేరియం, బిస్మత్ తర్వాత వారం పది రోజులు, యాంటీబయాటిక్స్ తర్వాత రెండు మూడు వారాలు ఆగాలి. అంటే క్లెన్స్ చేసుకుంటూ పరీక్షకి వెళ్తే ఉన్న పురుగు కూడా దొరక్కుండా పోవచ్చు. ముందు పరీక్ష, మిగతావన్నీ తర్వాత.

నులిపురుగులకి మలపరీక్ష దండగ, వాటి గుడ్లు మలంలో చాలా అరుదుగా కనిపిస్తాయి. దీనికి టేప్ పరీక్ష ఉంది. పొద్దున లేవగానే, కడుక్కోకముందే, బాత్రూమ్‌కి పోకముందే, పారదర్శకమైన సెల్లోటేప్ ముక్క అంటుకునే వైపుని మలద్వారం చుట్టూ ఉన్న చర్మానికి అద్ది, తీసి గాజు స్లైడ్ మీద అంటించి ల్యాబ్‌లో ఇవ్వాలి. మూడు రోజులు వరసగా చేస్తే దాదాపు తప్పించుకోలేదు.

రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరిగి ఉంటే శరీర కణజాలాల్లో తిరిగే పురుగుల మీద అనుమానం పెరుగుతుంది. గియార్డియాలో అవి పెరగవు, కాబట్టి అవి మామూలుగా ఉన్నాయని ఏమీ లేదనుకోకూడదు. అలర్జీల్లో కూడా పెరుగుతాయి, కాబట్టి పెరిగాయని ఉన్నట్టూ అనుకోకూడదు.

ఇంకొకటి. ఏలికపాము గుడ్డు మింగినప్పటి నుంచి అది లార్వాగా పేగు దాటి, రక్తంలో పడి, ఊపిరితిత్తులకి వెళ్లి, దగ్గుతో గొంతులోకొచ్చి, మళ్లీ మింగబడి, పేగులో పెద్దదై గుడ్లు పెట్టేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ లోపు మలపరీక్ష చేస్తే ఏమీ కనబడదు. ఆ తర్వాత మాత్రం ఒక్క ఆడపురుగే రోజుకి 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది, కాబట్టి దొరకడం తేలిక.

మందు: ఏది దేనికి

ఏలికపాములు, కొంకిపురుగులు, నులిపురుగులకి ఆల్బెండజోల్ లేదా మెబెండజోల్ వాడతారు. ఇవి పురుగు కణాల్లో ఉండే ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, దాంతో పురుగు గ్లూకోజ్ తీసుకోలేక శక్తి అయిపోయి మెల్లగా చచ్చిపోతుంది. మెల్లగా అన్నాను చూడండి, మాత్ర వేసుకున్న మర్నాడే ఏదో కనిపించాలని ఎదురుచూడకండి. చాలాసార్లు ఏమీ కనబడదు, అది మందు పనిచేయలేదనడానికి గుర్తు కాదు. సామూహికంగా ఇచ్చే కార్యక్రమాల్లో ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క డోసు ఇస్తారు, రెండేళ్లలోపు పిల్లలకి అందులో సగం, ఏడాదిలోపు వాళ్లకి ఇవ్వరు. చిన్నపిల్లలకి మాత్రని పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి, ఏడుస్తున్న పిల్లాడి నోట్లో మాత్ర బలవంతంగా వేస్తే గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

కొరడా పురుగుకి ఒక్క డోసు సాధారణంగా సరిపోదు, మూడు రోజుల కోర్సు ఇస్తారు. నులిపురుగులకి రెండు వారాల తర్వాత రెండో డోసు తప్పనిసరి, ఎందుకంటే మందు పెద్ద పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్లని నమ్మకంగా చంపదు. బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్. స్ట్రాంగిలాయిడిస్ అనే ఇంకో పురుగుకి ఐవర్‌మెక్టిన్. గియార్డియాకి టినిడజోల్, మెట్రోనిడజోల్, నిటజాక్సనైడ్‌లలో ఒకటి. జబ్బు చేసే అమీబాకి మెట్రోనిడజోల్ తర్వాత పేగులో మిగిలిన సిస్టుల కోసం ఇంకో మందు, పారొమోమైసిన్ లాంటిది, వాడాలి, ఈ రెండోది మర్చిపోవడం వల్లే కొందరికి మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇలా దేని మందు దానిదే. అన్ని పురుగులకీ ఒకే పొడి అని ఎవరైనా చెబుతుంటే పై పేరా ఇంకోసారి చదవండి.

డాక్టరుని అడక్కుండా వేసుకోకూడనివాళ్లు ఎవరంటే: గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, కాలేయ జబ్బున్నవాళ్లు, మూర్ఛలు వచ్చినవాళ్లు. మూర్ఛల సంగతి ఎందుకంటే, పంది బద్దెపురుగు గుడ్లు మింగినవాళ్లకి మెదడులో తిత్తులు ఏర్పడవచ్చు, అవి ఉన్నాయని తెలియకుండా ఆల్బెండజోల్ గానీ ప్రాజిక్వాంటెల్ గానీ వేసుకుంటే ఆ తిత్తుల చుట్టూ వాపొచ్చి మూర్ఛలు రావచ్చు. స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టబోతున్నవాళ్లు కూడా స్ట్రాంగిలాయిడిస్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. అది శరీరంలోనే తనని తాను మళ్లీ మళ్లీ సోకించుకుంటూ దశాబ్దాలు ఉండగలదు, స్టెరాయిడ్లు వాడితే ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదికి తెస్తుంది.

పశువులకి వేసే నట్టల మందులు మనుషులు వేసుకోకూడదు. మందు పేరు ఒకటే అయినా డోసు మనిషి బరువుకి లెక్కగట్టింది కాదు, అందులో కలిపిన మిగతా పదార్థాలు మనుషుల్లో పరీక్షించినవీ కావు. టర్పెంటైన్ తాగమని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అది రంగుల్లో కలిపే ద్రావకం, కిడ్నీల్ని, ఊపిరితిత్తుల్ని, మెదడుని దెబ్బతీస్తుంది.

మూలికల సంగతి

మూలికలన్నీ మోసం అని నేను అనను. బొప్పాయి గింజల మీద నైజీరియాలో 60 మంది పిల్లలతో ఒక చిన్న పరిశోధన జరిగింది, ఎండబెట్టిన గింజల పొడిని తేనెలో కలిపి ఇస్తే ఎక్కువమందికి మలపరీక్షలో పురుగులు కనబడలేదు. ఆశ కలిగించే విషయమే. కానీ 60 మంది, అదీ ఒక్క పరిశోధన. ఎంత మోతాదు, ఏ పురుగుకి ఎంత, ఎవరికి ప్రమాదం అనేవి తేలాలంటే ఇంకా చాలా పని జరగాలి. రుజువైన మాత్ర చేతిలో ఉండగా రక్తహీనతతో ఉన్న పిల్లని గింజల మీద వదిలేయడం నాకు సరైన పని అనిపించదు.

క్లెన్స్ కిట్లలో తరచూ కనిపించే నల్ల వాల్‌నట్ తొక్క, వర్మ్‌వుడ్, లవంగం ఈ మూడింటి కలయిక మనుషుల్లో పురుగుల్ని నిర్మూలిస్తుందని నమ్మదగ్గ రుజువు లేదు. వర్మ్‌వుడ్‌లో ఉండే థుజోన్ ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి. గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. ఇంకా చాలామంది ఆలోచించని విషయం ఏంటంటే, వరస విరేచనాల వల్ల మీరు రోజూ వేసుకునే మాత్రలు ఒంటపట్టకుండానే పోవచ్చు. మూర్ఛ మందులు, గర్భనిరోధక మాత్రలు, గుండె మందులు వాడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ‘డై ఆఫ్’ అనే మాట వింటుంటారు, క్లెన్స్‌లో తలతిరుగుడు, గుండెదడ, నీరసం వస్తే పురుగులు చస్తున్నాయని అర్థం, ఓర్చుకోండి అని. దయచేసి ఓర్చుకోకండి. అది నీళ్లూ లవణాలూ తగ్గిపోతున్నాయని శరీరం చెబుతున్న మాట కావచ్చు.

మళ్లీ రాకుండా: నులిపురుగుల ఇల్లు

మా చిన్నదానికి ఐదేళ్లప్పుడు నులిపురుగులొచ్చాయి. మాత్ర వేశాం, నాలుగు రోజుల్లో దురద పోయింది, మూడు వారాలకి మళ్లీ మొదలైంది. మందు పాడైందేమో అనుకున్నాను. తప్పు మందుది కాదు, దాని ఒక్కదానికే మాత్ర వేసి ఇంట్లో మిగతా నలుగురినీ వదిలేశాం, రెండో డోసు ఉందన్న సంగతే మాకు తెలియదు. ఈ గుడ్లు గోళ్ల కింద, దుప్పట్ల మీద, బొమ్మల మీద రెండు మూడు వారాలు బతికే ఉంటాయి. పెట్టిన కొన్ని గంటలకే సోకే స్థితికి వస్తాయి. పిల్ల గోక్కుంటుంది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది, చక్రం మళ్లీ మొదలు.

రెండోసారి ఇలా చేశాం. ఇంట్లో అందరికీ ఒకేరోజు డోసు, దురద ఉన్నా లేకపోయినా. సరిగ్గా రెండు వారాలకి అందరికీ రెండో డోసు, ఫోన్‌లో అలారం పెట్టుకుని. మందు వేసుకున్న మర్నాడు పొద్దున అందరూ లేవగానే స్నానం, సాయంత్రం స్నానం కాదు, ఎందుకంటే రాత్రి పెట్టిన గుడ్లు పొద్దున కడిగేస్తేనే పోతాయి. తొట్టిలో కూర్చుని కాదు, ఒంటి మీద నీళ్లు పోసుకుని. లోదుస్తులు రోజూ పొద్దున మార్చాలి. దుప్పట్లు, తువ్వాళ్లు, రాత్రి బట్టలు వేడి నీళ్లలో ఉతికి బాగా ఆరబెట్టాలి, మంచం మీద నుంచి తీసేటప్పుడు దులపకూడదు, దులిపితే గుడ్లు గాల్లోకి లేచి అన్నిచోట్లా పడతాయి, మెల్లగా చుట్టి తీయాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. పిల్లలకి రాత్రి బిగుతుగా ఉండే చెడ్డీ వేస్తే నిద్రలో నేరుగా గోక్కోలేరు. ఈ రెండు వారాలూ గట్టిగా చేశాక మళ్లీ రాలేదు.

కుక్కల్ని, పిల్లుల్ని అనుమానించకండి, నులిపురుగు మనుషుల్లో మాత్రమే బతుకుతుంది. పిల్లల్ని తిట్టకండి కూడా. ఇది శుభ్రత లేని ఇళ్లలోనే వచ్చే జబ్బు కాదు, స్కూలుకెళ్లే ఏ పిల్లకైనా రావచ్చు. సిగ్గుపడి దాచుకుంటే చక్రం ఇంకా పొడుగవుతుంది, అంతే.

నీళ్లు, మట్టి, తిండి

చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు, బాత్రూమ్ తర్వాత, డైపర్ మార్చాక, వండేముందు, తినేముందు. ఆల్కహాల్ శానిటైజర్ పురుగు గుడ్ల మీద, క్రిప్టోస్పోరిడియం (నీళ్ల ద్వారా సోకి విరేచనాలు తెచ్చే ఏకకణ జీవి) మీద సరిగ్గా పనిచేయదు, ఇక్కడ సబ్బూ నీళ్లే కావాలి. నీళ్ల మీద అనుమానముంటే తెరలు కాగేలా ఒక నిమిషం మరిగించండి, 2000 మీటర్ల ఎత్తు దాటిన కొండల మీదైతే మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్లలు బాక్టీరియాకి బాగానే పనిచేస్తాయి గానీ క్రిప్టోస్పోరిడియం దానికి చావదు, గియార్డియా కూడా గట్టి పిండమే.

మట్టిలో పని చేసేటప్పుడు చెప్పులో బూట్లో ఉండాలి. పచ్చిగా తినే కూరగాయలు, పళ్లు ధారగా పడే నీళ్ల కింద రుద్ది కడగాలి, వీలైనవి తొక్క తీయాలి. మాంసం ముక్కలు లోపల 63 డిగ్రీల సెల్సియస్, కైమా అయితే 71 డిగ్రీలు, కోడిమాంసమైతే 74 డిగ్రీలు చేరేదాకా ఉడకాలి. పచ్చి చేప తినేవాళ్లు మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టించినదే తినాలి. ఇక మలం మట్టిలో కలవకుండా మరుగుదొడ్డి వాడకం, పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

పేగుకి దాని సొంత చీపురుంది

ఇంత చెప్పాక కూడా, సరే పురుగులు లేవు, కానీ కడుపు శుభ్రంగా అనిపించాలంటే ఏం చేయాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఏళ్లనాటి మలం గోడలకి అంటుకుని పేరుకుపోయిందన్న మాట అక్కడే వీగిపోతుంది, అంటుకోవడానికి ఆ గోడే నిలకడగా ఉండదు. పైగా కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక ఊడ్పు అల బయల్దేరుతుంది, మిగిలిన తుక్కుని, అక్కడ ఉండకూడని బాక్టీరియాని పెద్దపేగులోకి తోసేస్తుంది. మనం ఏదో ఒకటి తినగానే ఈ అల ఆగిపోతుంది. కాబట్టి రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండకుండా తిండికీ తిండికీ మధ్య మూడు నాలుగు గంటలు ఖాళీ ఇవ్వండి, రాత్రి తొందరగా తినేయండి. డబ్బు ఖర్చులేని క్లెన్స్ ఇదే. షుగరు మందులు వాడేవాళ్లు మాత్రం తిండి వేళలు మార్చే ముందు డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పీచు రోజుకి 25 నుంచి 30 గ్రాములు చేరాలి, పప్పులు, కూరగాయలు, పళ్లు, పొట్టు తీయని ధాన్యాల నుంచి. ఒక్కరోజులో పెంచకండి, గ్యాస్ పట్టి వదిలేస్తారు, వారానికి ఐదు గ్రాముల చొప్పున పెంచుతూ నీళ్లు కూడా పెంచండి. ఇసబ్‌గోల్ పొట్టు ఒక్కటే, మట్టి లేకుండా, గ్లాసు నిండా నీళ్లతో అయితే మలబద్ధకానికి మంచిదే. తిన్న తర్వాత పెద్దపేగు సహజంగా కదులుతుంది, కాబట్టి పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు బాత్రూమ్‌కి కేటాయించండి, ఫోన్ లేకుండా. కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి దారి సాఫీ అవుతుంది. రోజుకి మూడుసార్లు వెళ్లినా, వారానికి మూడుసార్లు వెళ్లినా, ఇబ్బంది లేకుండా వెళ్తుంటే అది మామూలే. రోజూ వెళ్లలేదని టెన్షన్ పడి విరేచనాల మందు అలవాటు చేసుకోవద్దు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

కడుపులో భరించలేని నొప్పి, వాంతులు, మలం గానీ గ్యాస్ గానీ పోకపోవడం మూడూ కలిస్తే ఆలస్యం చేయకండి, పిల్లల్లో ఏలికపాములు ఉండలు చుట్టుకుని పేగుకి అడ్డం పడతాయి, అలాంటప్పుడు ఇంట్లో ఏ మందూ వేయకూడదు. మలంలో రక్తం, నల్లటి మలం, జ్వరంతో విరేచనాలు, కళ్లు పచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, మూర్ఛ, పిల్లలు మూత్రం పోయకుండా నీరసంగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అదేరోజు చూపించుకోవాలి.

మందు వాడాక కూడా తగ్గకపోతే

ముందు మళ్లీ పరీక్ష, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత. మళ్లీ అదే మందు ఊరికే మింగేయడం కాదు. గియార్డియా పోయాక కూడా కొన్ని వారాలు పాలు పడవు, పేగు పొర మీద పాల చక్కెరని అరిగించే ఎంజైమ్ దెబ్బతిని ఉంటుంది కాబట్టి. పాలు నెలరోజులు తగ్గించి చూడండి, చాలామందికి ఆ ఉబ్బరం అంతటితో సర్దుకుంటుంది.

మూడు శాంపిళ్లలోనూ ఏమీ లేదని వచ్చి, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటే, మీ బాధ అబద్ధమని ఎవరూ అనకూడదు, నేనైతే అనను. కారణం ఇంకోచోట ఉందని అర్థం. లాక్టోజ్ పడకపోవడం, గోధుమలోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బు, థైరాయిడ్, ఐబీఎస్ (పేగు అతిగా స్పందించి నొప్పి, ఉబ్బరం తెచ్చే సమస్య), వాడుతున్న మందులు, 45 దాటినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష, ఇవన్నీ వరసగా చూడాల్సినవి. రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో ఏం తిన్నారు, ఎన్ని గంటలకి, నొప్పి ఎప్పుడు ఎక్కడ, మలం ఎలా ఉంది, నిద్ర ఎంత అని రోజూ నాలుగు ముక్కలు రాయండి. వాడిన మందుల పేర్లు, తాగిన పొడుల పేర్లు కూడా దాచుకోకుండా రాసి ఆ నోట్‌బుక్‌తోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.